మొదటి దుంగ పేర్చక ముందు

ఇల్లు కట్టక ముందు సాధనగా దుంగలతో కట్టిన మా బోరుబావి మోటారు గది తలుపు ఏప్రిల్ మూడో వారంలో బిగుసుకుపోయింది. వానాకాలంలో చెక్క తలుపులు ఉబ్బి బిగుసుకోవడం అందరికీ తెలిసిందే. కానీ అప్పటికి బెంగళూరు దగ్గర దొడ్డబళ్లాపురం వైపు మా స్థలంలో రెండు నెలలుగా చెప్పుకోదగ్గ వాన లేదు. నేల నెర్రెలు విచ్చి ఉంది. మా వడ్రంగి ఆచారిగారు తలుపుకు భుజం ఆనించి తోసి చూశారు. తర్వాత వెనక్కి జరిగి, ద్వారబంధం పైపట్టె మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాశారు.

"తలుపు ఉబ్బలేదమ్మా. ద్వారబంధమే వంగింది. గోడ దీని మీద కూర్చుంది" అన్నారు.

టేపు తెచ్చి కొలిచాం. డిసెంబరులో సరిగ్గా 5 అడుగుల ఎత్తున పేర్చిన దుంగల గోడ ఇప్పుడు మూలల దగ్గర 4 అడుగుల 10½ అంగుళాలే ఉంది. ఒక్క తలుపు పైన మాత్రం దిగలేదు, దిగనివ్వకుండా ద్వారబంధం మోస్తోంది. అక్కడ రెండు దుంగల మధ్య నా వేలు దూరేంత సందు పడింది. పచ్చి దుంగల గోడ ఆరే కొద్దీ కిందికి దిగుతుందని నేను చదివాను, నోటు పుస్తకంలో లెక్క కూడా వేసుకున్నాను. ఆరడుగుల మోటారు గదికి అదంతా ఎందుకులే అనుకున్నాను. మా దుంగల ఇంటి సన్నాహం అసలు ఆ రోజే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది. అంతకు ముందు రెండేళ్లు చేసింది కలప కొనడం, కాగితాలు తిప్పడం.

మాది మదనపల్లె. నేను బెంగళూరులో లెక్కల టీచరుని, ఇక్కడికి వచ్చి 22 ఏళ్లు. 2022 మే నెలలో పిల్లలతో హిమాచల్‌లోని కులూ లోయకు వెళ్లినప్పుడు నగ్గర్ కోట చూశాం. ఒక వరస దేవదారు దూలాలు, ఒక వరస రాళ్లు, మధ్యలో సున్నం గానీ సిమెంటు గానీ లేవు. అక్కడివాళ్లు ఆ పద్ధతిని కాఠ్ కుణీ అంటారు. 1905 నాటి కాంగ్రా భూకంపం ఆ చుట్టుపక్కల ఊళ్లను నేలమట్టం చేసినా ఆ కోట నిలబడింది. నేను ఆ గోడకు వీపు ఆనించి గంటసేపు కూర్చున్నాను. బయట చలి, గోడ మాత్రం చల్లగా లేదు. తిరుగు ప్రయాణంలో మా ఆయనతో, మనం దొడ్డబళ్లాపురం దగ్గర కట్టుకునే ఇల్లు చెక్కతోనే కడదామన్నాను. ఆయన నవ్వలేదు. "దుంగలతోనా, పలకలతోనా?" అని అడిగారు. దుంగలతోనే అన్నాను.

నాన్నకు ఫోను చేసి చెబితే ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "అక్కడ చెద ఉందా అమ్మాయ్?"

నాన్న ముప్పై ఏళ్లు కలప అడితిలో గుమాస్తాగా పనిచేసిన మనిషి. రష్యాలో కిజీ దీవిలో 1714లో దుంగలతో కట్టిన చర్చి ఇప్పటికీ ఉందని నేను చెబితే, "ఆ చలిలో చెద ఎలా బతుకుతుంది" అన్నారు. నగ్గర్ గురించి చెబితే, "దేవదారు చేవలో నూనె ఉంటుంది, దాన్ని చెద ముట్టదు. నీకు దేవదారు ఎవరిస్తారు?" అన్నారు. ఆ మాటలు అప్పుడు నన్ను నొప్పించాయి. కానీ మా ఇంటి పటం మొత్తం చివరికి ఆ ప్రశ్న చుట్టూనే మారింది. చలి దేశాల పుస్తకాల్లో మంచును ఎలా ఆపాలో పేజీలకు పేజీలు ఉంటాయి. ఇక్కడ మనకు కావలసింది నీళ్లను, చెదను, పడమటి ఎండను ఆపడం.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. స్థలం పంచాయతీ పరిధిలో ఉంది, సాగుభూమి నుంచి ఇంటి స్థలంగా ముందే భూమార్పిడి అయినది. పంచాయతీ ఆస్తి పత్రాలైన ఈ-స్వత్తు ఫారం 9, ఫారం 11 మా పేరు మీదికి వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఇంటి పటానికి అనుమతి అడిగినప్పుడు గోడలు దేనితో అన్న గడి దగ్గర పని ఆగిపోయింది, మూడుసార్లు తిరిగాం. మేము అడిగిన బ్యాంకు దుంగల ఇంటికి అప్పు ఇవ్వలేనని చెప్పేసింది. అందుకని ఇల్లు చిన్నదైంది. 20 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు, 8 అడుగుల గోడ, పైన అటక. ఇది మంచికే జరిగింది.

ఎంత కలప కావాలో లెక్క వేయడం నాకు పండగే. చుట్టూ 88 అడుగులు. మూలల దగ్గర ప్రతి దుంగా రెండు వైపులా అడుగు చొప్పున బయటికి రావాలి, అంటే వరసకు 96 అడుగులు. 9 అంగుళాల దుంగ ఒకదాని మీద ఒకటి గాడిలో కూర్చున్నాక 8 అంగుళాల ఎత్తు ఇస్తుంది కాబట్టి 12 వరసలు. మొత్తం 1,152 అడుగుల దుంగ. దాన్ని ఘనపుటడుగుల్లోకి మార్చేటప్పుడు నాన్నకూ నాకూ వాదన వచ్చింది. అడితిలో దుంగ నడుమ చుట్టుకొలత తీసి, దానిలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 36 అంగుళాల చుట్టుకొలత, 12 అడుగుల పొడవు ఉన్న దుంగకు ఆ లెక్కన 6.75 ఘనపుటడుగులు వస్తుంది. వృత్తం వైశాల్యం కట్టి చూస్తే అదే దుంగ 8.6. ఇది తప్పు లెక్క కదా అన్నాను. "తప్పు కాదు, కోత మిల్లులో రంపపు పొట్టుకూ పక్క చెక్కలకూ పోయేది ముందే వదిలేశారు" అని నాన్న వివరించారు. మేము దుంగను కోయం, గుండ్రంగానే వాడతాం. కాబట్టి లెక్కలోకి రాని ఆ అయిదో వంతు మాకే మిగులుతుంది. మా దుంగ చుట్టుకొలత 28 అంగుళాలుగా తీసుకుంటే అడితి లెక్కన మాకు దాదాపు 392, వంకర దుంగల కోసం పదో వంతు కలిపి 430 ఘనపుటడుగులు అవసరమని తేలింది.

ఏ కలప అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ప్రతి శనివారం మైసూరు రోడ్డులోని టింబర్ యార్డ్ లేఅవుట్‌లో తిరిగాం. టేకు ధర విని వెనక్కి తిరిగాం. నీలగిరి నిటారుగా ఉంటుంది గానీ ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, చివర్లు పగులుతాయి. సరుగుడు గట్టిదే, మాకు కావలసిన లావు దొరకదు. విదేశీ పైన్ చక్కగా గాడి తీసి వస్తుంది, కానీ నాకు చేత్తో చెక్కిన గోడ కావాలి. మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఉన్న కలప పరిశోధనా సంస్థకు రెండుసార్లు వెళ్లాను. అక్కడి మ్యూజియంలో రకరకాల చెక్కలు వరసగా పెట్టి ఉంటాయి. రుసుము కట్టి నమూనా ఇస్తే అది ఏ జాతి కలపో పరీక్షించి చెబుతారు. ఇల్లు కట్టేవాళ్లు ఎవరైనా ఒక్కసారి చూడవలసిన చోటు అది. టేకు అని ఎవరో అమ్మిన ముక్కను తీసుకెళ్లి చూపించుకునే వీలు బెంగళూరులో ఉన్నా మనలో చాలామందికి తెలియదు.

చివరికి కొడగు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ ఎంచుకున్నాం. నిటారైన మాను, మాకు అందే ధర. దాని లోపం కూడా తెలిసే కొన్నాం. దాన్ని చెదా తింటుంది, తొలుచు పురుగూ తింటుంది. మందు పట్టించకుండా వాడకూడదు. అందుకే పునాది మీద కూర్చునే మొదటి వరసకు మాత్రం టేకు చేవ దుంగలు కొన్నాం. ఖర్చు ఎక్కువైనా అక్కడ రాజీ పడలేదు.

2024 జూన్‌లో మొదటి లారీ వచ్చింది. అప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి, ఇంకొకరు చేయకూడదు కనుక. బెరడు దుంగను కాపాడుతుందనుకున్నాను. వానలు తగ్గాక బెరడు తీద్దామని మూడు వారాలు అలాగే ఉంచాను. పైగా నేల మీదే పేర్పించాను. నాలుగో వారం వెళ్లేసరికి దుంగల కింద పిండి రాలినట్టు తెల్లటి పొడి కుప్పలుగా ఉంది. బెరడు లాగితే కింద సూది మొనంత రంధ్రాలు వందలు. తడి చెక్క, పైన బెరడు, చుట్టూ వాన, ఆ పురుగుకు ఇంతకంటే ఏం కావాలి. పదకొండు దుంగలు పోయాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో కొడగులో ముప్పై ఏళ్లు పెరిగిన చెట్లు నా తెలియనితనం వల్ల పాడయ్యాయన్న బాధ డబ్బు పోయిన బాధ కంటే పెద్దది.

సెప్టెంబరులో రెండో లారీ వచ్చేసరికి అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాం. దింపిన రెండు రోజుల్లో బెరడు వలిచాం. ఆచారిగారు బాడిసతో, మేము నేరుపు లేని చేతులతో పారతో. కొన్న రేకుల తొట్టిలో బోరాక్స్ ఒకటిన్నర పాలు, బోరిక్ యాసిడ్ ఒక పాలు చొప్పున వేడి నీళ్లలో కలిపి దుంగలను ముంచి తీశాం. తర్వాత టార్పాలిను కప్పి ఆరు వారాలు గాలి ఆడకుండా ఉంచాం. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ మందు చెక్క లోపలికి వెళ్లేది చెక్కలోని తడిని పట్టుకునే. ఎండిన దుంగకు పూస్తే పైపైనే ఉండిపోతుంది. అంటే పచ్చిగా ఉన్నప్పుడే మందు, మందు పట్టాకే ఆరబెట్టడం. మందు తడిని పట్టుకుని లోపలికి వెళ్లినట్టే, తర్వాత వాన తగిలితే తడితో పాటే బయటికి వచ్చేస్తుంది. అందుకే మా ఇంటి చూరు గోడకు మూడడుగులు బయటికి వస్తుంది. పొట్టి చూరు ముద్దుగా ఉంటుందని మొదటి పటంలో అడుగున్నరే గీసుకున్నాను.

టార్పాలిను తీశాక దుంగల చివర్లకు మైనం పూశాం. చివర్ల నుంచి తడి త్వరగా పోయి పగుళ్లు వస్తాయి కనుక. రాతి దిమ్మెల మీద, వరసకూ వరసకూ మధ్య రీపులు పెట్టి, రేకుల పాక కింద పేర్చాం. పాకకు గోడలు లేవు, గాలి అడ్డంగా పోవాలి. ప్రతి దుంగకూ పైకి వచ్చే వైపు పొడవునా ఒక రంపపు గాటు పెట్టించాను. దుంగ ఆరేటప్పుడు ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. ఆ పగులు ఈ గాటులోనే వస్తే పై దుంగ దాన్ని కప్పేస్తుంది.

ఆచారిగారు హిందూపురం మనిషి, తలుపులు, ఉయ్యాలలు, పూజా మందిరాలు చేసిన చెయ్యి. దుంగల గోడ ఎప్పుడూ చేయలేదు. నేను సరుగుడు పుల్లలతో అడుగుకు అంగుళం చొప్పున ఇంటి నమూనా చేసి ఆయన ముందు పెట్టాను. ఆ పని చేస్తుంటేనే నాకు ఒక సంగతి తెలిసింది. ఎదురెదురు గోడలు రెండూ సగం దుంగతో మొదలవ్వాలి, మిగిలిన రెండూ పూర్తి దుంగతో. లేకపోతే మూలలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవు. ఆచారిగారు నమూనాను చేతిలోకి తీసుకుని తలకిందులు చేసి చూశారు. "గాడి కింది దుంగకు తీస్తే అది దోనె అవుతుందమ్మా, నీళ్లు నిలుస్తాయి. పై దుంగ అడుగున తీయాలి" అన్నారు. పుస్తకాలు చదవకుండానే చెప్పారు. నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ అదే ఉంది.

సాధన కోసం బోరుబావి మీద మోటారు గది కట్టాం. ఆరడుగులకు ఆరడుగులు, అయిదడుగుల ఎత్తు. డిసెంబరులో, ఇంకా సగం కూడా ఆరని దుంగలతో. మొదటి మూలలో గాడి వదులై చెయ్యి పట్టేంత సందు వచ్చింది. కంపాసుకు చిన్న రసమట్టం కట్టి కింది దుంగ ఒంపును పై దుంగ మీదికి గీయడం అలవాటయ్యాక, చివరి మూలలో కాగితం కూడా దూరలేదు. ఆ గది చూసి మేమందరం సంతోషపడ్డాం. ఏప్రిల్‌లో తలుపు బిగుసుకుంది.

ఆ రాత్రి ఇంటి పటాన్ని బల్ల మీద పరిచి ప్రతి గీతనూ ఒకే ప్రశ్న అడిగాను: గోడ దిగితే నువ్వేమవుతావు?

చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు కుంచించుకోదు. అడ్డంగా పడుకోబెట్టిన దుంగల గోడ కాబట్టి దిగుతుంది. నిలబెట్టిన స్తంభం దిగదు. పూర్తి పచ్చి దుంగలైతే అడుగుకు ముప్పాతిక అంగుళం, అంటే 8 అడుగుల గోడకు 6 అంగుళాల దాకా వదలమంటారు. మా దుంగలు ఆరబెట్టినవి కాబట్టి 4 అంగుళాలు పెట్టుకున్నాం. ఇక చూడండి. వరండా కప్పుకు ఒక వైపు ఆధారం దిగే గోడ, ఇంకో వైపు దిగని స్తంభాలు. ఏడాది తిరిగేసరికి వరండా కప్పు ఇంటి వైపు వాలి, వాన నీళ్లన్నీ గోడ మీదికే వస్తాయి. కాబట్టి ప్రతి స్తంభం కింద మరతిప్పి దించుకునే ఇనుప జాకీ ఉండాలి. అటక మెట్లు పైన గట్టిగా బిగిస్తే వంగిపోతాయి, కింద జారేలా ఉంచాలి. స్నానాల గదిని ఇటుకతో కట్టాలని మా ఆయన పట్టు. ఇటుక గోడ దిగదు. మేస్త్రీ అలవాటు ప్రకారం దాన్ని దుంగల గోడకు కలిపేస్తే మోటారు గది ద్వారబంధం కథే మళ్లీ. అందుకే వంటగది మోరీ, స్నానాల గది రెండూ ఒక ఇటుక పెట్టెలా, దుంగలకు రెండంగుళాలు ఎడంగా వస్తాయి. నీళ్ల గొట్టాలన్నీ ఆ పెట్టెలోనే. తలుపులకూ కిటికీలకూ పైన 4 అంగుళాల ఖాళీ, పక్కల్లో మేకులు కొట్టకుండా దుంగ చివర్లలో నిలువు గాడి. చిన్న అల్మారా కూడా గోడకు రెండు వేర్వేరు దుంగల మీద బిగించకూడదు.

విద్యుత్తు పనికి కూడా ముందే ఆలోచించాలి. తీగల గొట్టం కోసం ప్రతి వరస దుంగకూ పేర్చేటప్పుడే రంధ్రం వేయాలి. గోడ లేచాక వేయలేం. కాబట్టి ఇంకా పునాది కూడా తీయని ఇంట్లో, సుద్దతో నేల మీద గీసిన గదుల్లో నిలబడి, మంచం పక్క స్విచ్చు ఏ చేతికి అందాలో, దేవుడి దీపం ఎక్కడ వెలగాలో, పిల్లల బల్ల ఎక్కడ ఉంటుందో నిర్ణయించాం. ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఈ మూడేళ్లలో నాకు బాగా నచ్చిన రోజు అది. మా ఆయన లేని గోడకు ఆనుకున్నట్టు నిలబడి, లేని కిటికీలోంచి నంది కొండ వైపు చూశారు.

నాన్న ప్రశ్నకు జవాబు పునాదిలో ఉంది. గోతుల దశలోనే చెదమందు పెడతారు, ఐఎస్ 6313 అనే భారత ప్రమాణం ఆ పని గురించే. కానీ ఆ మందును మాత్రమే నమ్ముకుని దుంగ పేర్చను. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున సైజు రాళ్ల కట్టు. దాని మీద రెండు వైపులా అంచు కిందికి వంచిన రేకు పట్టీ, దాని మీద టేకు దుంగ. చెద రాయి తినదు, కానీ రాయి మీదుగా మట్టి గొట్టం కట్టుకుని ఎక్కుతుంది. ఎత్తైన కట్టు ఆ గొట్టాన్ని ఆపదు, కనబడేలా చేస్తుంది. రేకు అంచు దాటడానికి గొట్టం బయటికి రావలసిందే. ఇంటి చుట్టూ మూడడుగుల దాకా మొక్క, మట్టికుప్ప, కట్టెల మోపు ఏదీ ఉండకూడదని ఇంట్లో అందరి చేతా ఒప్పించాను. పదిహేను రోజులకొకసారి టార్చి పట్టుకుని కట్టు చుట్టూ తిరగడం నా పని.

ఇప్పుడు మిగిలింది ఆరడం. రెండు మేకుల తేమ మీటరు కొన్నాను. అది ఒక దుంగ మీద 14 శాతం చూపించింది, అంతా అయిపోయిందనుకున్నాం. నాన్న నమ్మలేదు. "మీటరు చర్మం చూస్తుంది, లోపల చూడు" అన్నారు. ఆ దుంగ నడుమ నుంచి బిళ్ల కోయించి, వంటింట్లో తూకం వేస్తే 412 గ్రాములు. ఓవెన్‌లో వంద డిగ్రీలు దాటిన వేడిలో పెట్టి, బరువు ఇక తగ్గని దాకా గంటగంటకూ తూచాం. 331 దగ్గర ఆగింది. పోయిన 81 గ్రాముల నీటిని ఎండిన బరువుతో భాగిస్తే 24.5 శాతం. ఇల్లంతా కోత మిల్లు వాసన వేసింది. తర్వాతి వారం అదే లెక్కను తరగతిలో బల్ల మీద పెట్టి చేయించాను, భాగించవలసింది తడి బరువుతోనా, ఎండిన బరువుతోనా అన్న దగ్గర పిల్లలు చాలాసేపు పోట్లాడుకున్నారు.

పోయిన నెల ఇంకో దుంగ నుంచి తీసిన బిళ్ల 388 నుంచి 329కి వచ్చింది. దాదాపు 18 శాతం. ఆచారిగారు సగం దుంగలకు సుద్దతో అంకెలు వేశారు, ఉత్తరం 1, దక్షిణం 1. రాళ్లు కొట్టేవాళ్లు సంక్రాంతి తర్వాత వస్తామన్నారు.

మోటారు గదిని ఆచారిగారు ఏప్రిల్‌లోనే బాగుచేశారు. ద్వారబంధం పైపట్టె తీసేసి, దాని పైన ఉన్న దుంగను రెండున్నర అంగుళాలు కోసి, ఆ ఖాళీలో కొబ్బరి పీచు కూరి, పై దుంగకు మాత్రమే బిగించిన పలకతో మూసేశారు. మొన్న ఆదివారం వెళ్లి కొలిచాను. గోడ మరో ముప్పాతిక అంగుళం దిగింది. తలుపు ఒక వేలితో తోస్తే తెరుచుకుంటోంది.